మొదటి పేజీలో ఏముండాలి?

ప్రోగ్రామింగ్ భాష గురించి మాట్లాడేటప్పుడు కంపైలర్ ఎంత వేగం, లైబ్రరీలు ఎన్ని అని లెక్కపెడతాం. ఆ భాష వెబ్‌సైటు మాత్రం ఎవరో తీరిక దొరికినప్పుడు చేసిపెట్టే అలంకారమని చాలామంది ఉద్దేశం. ఆ సైట్ల చరిత్ర చూస్తే నాకలా అనిపించదు. కొత్తగా వచ్చినవాడి చేతిలో ఒక చిన్న ప్రోగ్రాము పెట్టి, దాన్ని అక్కడికక్కడే నడిపి చూసుకోనివ్వడం భాష సైటు మొదటి పని. రంగులూ నినాదాలూ ఆ తర్వాతి సంగతి.

ఈ గొడవ వెబ్ కంటే పాతది. 1960లో పీటర్ నార్ సంపాదకత్వంలో వెలువడిన ఆల్గాల్ 60 నివేదిక భాషా వ్యాకరణాన్ని అంతకుముందు ఎవరూ రాయనంత కచ్చితంగా రాసింది. కానీ తెర మీదికో కాగితం మీదికో ఒక్క వరుస ముద్రించాలంటే ఎలాగో అందులో లేదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్ సంగతిని ఏ యంత్రానికి ఆ యంత్రం చూసుకోవాలని వదిలేశారు. ఆ నివేదిక తర్వాతి భాషలకు తల్లివేరు అయింది, కాదనను. అయినా దాన్ని చదివి ఎవరూ మొదటి ప్రోగ్రాము నడపలేరు. 1978లో కెర్నిగాన్, రిచీ రాసిన సీ భాష పుస్తకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. కెర్నిగాన్ అంతకుముందు బీ భాష పాఠంలోనే వాడిన ‘హలో, వరల్డ్’ను ఇందులో మొదట్లోనే పెట్టారు. అందులో నేర్చుకోవాల్సిన కోడు పెద్దగా లేదు. ఫైలు ఎక్కడ రాయాలి, ఎలా కంపైల్ చెయ్యాలి, ఫలితం ఎక్కడ కనిపిస్తుంది అన్నవే అసలు అడ్డంకులని ఆ రచయితలు గుర్తించారు. ఈనాటి వెబ్‌సైటు తీర్చాల్సిన చిక్కు కూడా అదే.

వెబ్ వచ్చిన కొత్తలో దీన్ని పట్టుకున్నది జావా. 1995లో సన్ సంస్థ హాట్‌జావా బ్రౌజర్‌తో పాటు భాషను బయటపెట్టినప్పుడు, పేజీలో కదిలే బొమ్మే ఆ భాషలో రాసిన ప్రోగ్రాము. ఆప్లెట్లు అనే ఆ చిన్న ప్రోగ్రాములకు తర్వాత కాలం చెల్లింది. పీహెచ్‌పీ ఇంకో దారి పట్టింది. సైటు చిరునామా పక్కన ఏటవాలు గీత పెట్టి ఫంక్షన్ పేరు కొడితే నేరుగా మాన్యువల్‌లో ఆ పేజీ తెరుచుకుంటుంది. దాని అడుగున వాడినవాళ్ల గమనికలు ఉంటాయి. వాటిలో కొన్ని తప్పుడు సలహాలు, కొన్ని ప్రమాదకరమైనవి కూడా. అయినా పనిలో ఉన్నవాడికి అర నిమిషంలో జవాబు దొరికేది.

రూబీ విషయంలో ‘వై ద లక్కీ స్టిఫ్’ అనే మారుపేరు గల రచయిత ‘ట్రై రూబీ’ పేజీ కట్టాడు. ఏదీ దించుకోకుండా బ్రౌజర్‌లోనే వరుసలు కొట్టి ఫలితం చూడొచ్చు. 2009 ఆగస్టులో ఆయన తన పేజీలన్నీ తీసేసి అదృశ్యమైతే, దాన్ని ఇతరులు మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది. గో భాష విషయంలో గూగుల్ ఈ పనిని సంస్థ బాధ్యతగా తీసుకుంది. 2009 నవంబరు 10న భాషను ప్రకటించారు, మరుసటి ఏడాది ‘ప్లేగ్రౌండ్’ తెరిచారు. అక్కడ కోడు గూగుల్ సర్వర్ మీద, కంచె వేసిన చోట నడుస్తుంది. ఆ కంచె లోపల గడియారం ఎప్పుడూ 2009 నవంబరు 10 రాత్రి 11 గంటల నుంచే మొదలవుతుంది. అంటే ఒకే ప్రోగ్రాము ఎవరు నడిపినా ఒకే ఫలితం వస్తుంది. కాబట్టి ఒకసారి వచ్చిన జవాబును దాచి తర్వాతివాళ్లకు ఇచ్చేయొచ్చు. ప్రోగ్రాము మధ్యలో రెండు సెకన్లు ఆగమంటే సర్వర్ ఆగదు, ఆ ఎదురుచూపును బ్రౌజర్ నటిస్తుంది. వాళ్ల నమూనా ప్రోగ్రాము ‘హలో’ తర్వాత ప్రపంచం అన్న మాటను చైనీస్ లిపిలో ముద్రిస్తుంది. యూటీఎఫ్-8 రూపొందించిన కెన్ థాంప్సన్, రాబ్ పైక్ ఇద్దరూ గో సృష్టికర్తల్లో ఉన్నారు. ఏ లిపైనా ఇక్కడ చెల్లుతుందని ఒక్క వరుసలో చెప్పేశారు.

నమూనా పెడితే చాలదు, అది నిజాయితీగా ఉండాలి. 2015 ప్రాంతంలో కొత్త రూపం తొడుక్కున్న హాస్కెల్ సైటు మొదటి పేజీలో ప్రధాన సంఖ్యల అనంత జాబితాను కొద్ది వరుసల్లో చూపింది. చూడముచ్చటైన కోడే. కానీ దానికి మొదట ‘జల్లెడ’ అని పేరు పెట్టారు. అది ఎరటోస్తనీస్ జల్లెడ కాదని మెలిసా ఓనీల్ 2009 నాటి పరిశోధన పత్రంలోనే తేల్చారు. అసలు జల్లెడ గుణిజాలను కొట్టేస్తూ పోతుంది, 101ని ముట్టుకోనే ముట్టుకోదు. ఈ కోడు 101ని దానికంటే చిన్నవైన 25 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి చూస్తుంది. మామూలు భాగహార పరీక్ష చేసినా 2, 3, 5, 7తో పని అయిపోతుంది. విమర్శ వచ్చాక పేరు మార్చారు, కోడు ఉంచారు. ఇది చాదస్తమని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. పరాయివాడు భాషను కొలిచేది ఆ నాలుగు వరుసలతోనే కదా, అక్కడ పొరపాటుంటే చాదస్తం అవసరమే.

అసలు మొదటి పేజీలో కోడు ఎందుకు అనే వాదన రస్ట్ భాష నుంచి వచ్చింది. 2018 డిసెంబరులో కొత్త సైటు పెట్టినప్పుడు, అంతకుముందు మొదటి పేజీలో ఉన్న, నడిపి చూడగలిగిన నమూనాను తీసేశారు. దాని చోట భాష ఎందుకు మంచిదో, ఏయే రంగాలకు పనికొస్తుందో రాశారు. వాడకందార్ల నుంచి గట్టిగానే అభ్యంతరాలు వచ్చాయి. సైటు కట్టినవాళ్ల పక్షానా న్యాయముంది. కోడు చూసి కొత్తవాడు బెదురుతాడు, సంస్థలో నిర్ణయం తీసుకునే అధికారి కోడు చదవడు. అయితే కోడు చూసి బెదిరేవాడు రెండో పేజీలోనైనా బెదురుతాడు. వేగం, భద్రత, నమ్మకం అనే మాటలు ఏ భాష సైటులోనైనా అతికించవచ్చు, కోడును అలా అతికించలేం. పై మెనూలో ప్లేగ్రౌండ్‌కు లింకు ఉన్న మాట నిజమే. కానీ ఆ పేరు ముందే తెలిసినవాడికే అది దారి చూపుతుంది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. సీకి చెప్పుకోదగ్గ అధికారిక సైటే లేదు. జావాస్క్రిప్ట్‌కు 1997 నుంచి ఎక్మా సంస్థ ప్రమాణ పత్రం ఉంది కానీ, సొంత గుమ్మం అంటూ లేదు. అయినా అవి లోకమంతా పాకాయి కదా? పాకాయి. ఒకదాన్ని యూనిక్స్ మోసుకెళ్లింది, రెండోదాన్ని ప్రతి బ్రౌజరూ మోసింది. అలా మోసే నాథుడు లేని భాషకు సైటే కాళ్లు. పైగా జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాళ్లు ఆశ్రయించేది మొజిల్లా 2005లో మొదలుపెట్టిన డాక్యుమెంటేషన్‌నే. అందులో ఎన్నో పేజీల పైభాగంలో మార్చి నడిపి చూసే నమూనా ఉంటుంది. సొంత సైటు లేని భాషకు కూడా అదే పద్ధతి కుదిరింది.

చిన్న భాషలకు సర్వర్ ఖర్చు భారమనే మాట ఒకప్పుడు ఒప్పుకోదగిందే. ఇప్పుడు పయోడైడ్ అనే ప్రాజెక్టు పుణ్యమా అని పైథాన్ అంతటి భాషే వెబ్‌అసెంబ్లీ రూపంలో చదివేవాడి బ్రౌజర్‌లో నడుస్తోంది. ఇక ఆ సాకు చెల్లదు.