ముట్టుకున్న చేతులు: నర్సమ్మల చరిత్ర, 7వ భాగం

మొన్న వడ్లమూడిలో బస్సు కోసం నిలబడితే, నర్సింగ్ చదువుతున్న మన పేట చెల్లెమ్మ అడిగింది: "అన్నా, చేతులు కడుక్కునే ఐదు సందర్భాలు బట్టీ పడుతున్నా. ఇందులో కూడా చరిత్ర ఉంటదా?"

ఉంది తల్లీ, చాలా ఉంది.

మన ఊళ్లలో చేతులు కడుక్కోవడం కొత్తేం కాదు. మనల్ని తాకాక కడుక్కునేవాళ్లు. బిడ్డను బయటికి తీసిన మంత్రసాని కూడా మైలే. ఆ కడుగుడు తాకినవాళ్ల కోసం, తాకించుకున్న మనిషి కోసం కాదు. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ దీన్ని తిరగేశాడు. శవాలు కోసిన డాక్టర్ల చేతుల నుంచే బాలింతలకు జ్వరం అంటుతోందని గుర్తించి, బ్లీచింగ్ నీళ్లతో కడుక్కున్నాకే తాకమన్నాడు. చావులు బాగా తగ్గాయి. అయినా చాలామంది పెద్ద డాక్టర్లకు కోపమొచ్చింది, మా చేతులు మురికా అని. (ఈ కోపం మనకు బాగా తెలిసిందే.) ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదింట్లో మొదటిది రోగిని తాకకముందు.

ఇక మన గుంటూరు. 1883లో డాక్టర్ అన్నా సారా కుగ్లర్ వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. ఇవాళ్టి కుగ్లర్ ఆసుపత్రి అదే. డాక్టరమ్మ ఒక్కతే చాలదు కదా. పుండ్లు కడగాలి, పక్కలు మార్చాలి, మలమూత్రాలు ఎత్తాలి. పరువు గల కులాలు తమ ఆడపిల్లల్ని ఆ పనికి పంపడానికి ఒప్పుకోలేదు. మిషన్ ఆసుపత్రుల్లో ఎక్కువగా మాల, మాదిగ క్రైస్తవ ఇళ్ల పిల్లలే ఆ పని అందుకున్నారు. 1946లో భోర్ కమిటీ లెక్క తీస్తే దేశంలో 43 వేల మందికి ఒక్క నర్సు. డబ్బు లేకనే అంటారు. అసహ్యం సంగతి ఎవరూ రాయరు.

చెల్లెమ్మా, ఇంకోటి రాసుకో. మంచంపట్టిన మనిషికి తుంటి మీద, మడమ దగ్గర పుండు పడేముందు చర్మం ఎర్రబడుతుందని పుస్తకంలో ఉంటది. ఎవరి చర్మం? మన నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కనపడకపోవచ్చు. చెయ్యి వేసి చూడాలి: పక్కచోటు కన్నా వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, నొప్పంటున్నారా? వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు కూడా అంతే. నల్లటి చర్మం మీద అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చని 2020లో అమెరికా ఆసుపత్రుల లెక్కలు బయటపెట్టాయి. అంకె బాగుంది కదా అని వదిలెయ్యకు. నిండా నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టు, నాలుక చూడు, పెదాల లోపల చూడు, అనుమానమొస్తే డ్యూటీ డాక్టర్ని పిలువు.

మంత్రసానుల సంగతి వచ్చే భాగంలో. జై భీమ్.