పదకొండో ఓటు

2023 మే 10. వాషింగ్టన్‌లో అమెరికా కాంగ్రెస్ భవనం ముందు కారు ఆగింది. సిబ్బంది ఆమెను పట్టుకుని చక్రాల కుర్చీలో కూచోబెట్టారు. సెనేట్ మెజారిటీ నాయకుడు చక్ షూమర్ ఎదురొచ్చారు. కెమెరాలన్నీ ఆమె ముఖం మీదే. ఎడమ పక్క చలనం లేదు. ఒక కన్ను దాదాపు మూతపడి ఉంది.

డయాన్ ఫైన్‌స్టైన్. వయసు 89. సెనేట్‌లో అందరికన్నా పెద్దావిడ. ఫిబ్రవరిలో అక్కి లేచి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆసుపత్రి పాలయ్యారు. మార్చిలో ఇంటికొచ్చారు. కానీ సెనేట్‌కి మాత్రం రాలేదు.

అక్కడ జడ్జీల పేర్లు తేల్చే కమిటీలో డెమోక్రాట్లు 11 మంది, రిపబ్లికన్లు 10 మంది. ఆమె లేకపోతే పదికి పది. సరిసమానమైతే పేరు ముందుకు కదలదు. సొంత పార్టీ సభ్యుడు రో ఖన్నా రాజీనామా చెయ్యమన్నారు. తాత్కాలికంగా ఇంకొకరిని వేద్దామంటే రిపబ్లికన్లు ఒప్పుకోలేదు. అందరూ ఓట్లు లెక్కపెట్టారు. జబ్బు ఎంతదాకా పోయిందో బయటికి రాలేదు.

చిన్నప్పుడు ఆటలమ్మ పోశాక ఆ వైరస్ ఒంట్లోంచి పోదు. నరాల మొదళ్లలో దశాబ్దాలు దాక్కుని, సత్తువ తగ్గినప్పుడు అక్కిగా లేస్తుంది. ఎక్కువగా నడుముకో ఛాతీకో ఒక పక్కనే పొక్కులు వస్తాయి. ముఖాన్ని కదిలించే ఏడో కపాల నరంలో లేస్తే చెవిపోటు, చెవిలో పొక్కులు, మూతి పక్కకి పోవడం. 1907లో న్యూయార్క్ వైద్యుడు రామ్సే హంట్ వివరించిన జబ్బు ఇదే. ఎనిమిదో నరానికి తగిలితే తల తిరుగుతుంది, చెవి వినపడదు. కొందరిలో తొమ్మిది, పది నరాలకూ పాకుతుంది. గొంతులో ఒక పక్కనే పుళ్లు, ముద్ద దిగదు, మాట బొంగురుపోతుంది. మామూలు గొంతునొప్పేలే అని ఊరుకుంటే, వైరస్ మందు బాగా పనిచేసే మొదటి మూడు రోజులూ దాటిపోతాయి. (మన ఊళ్లలో ఎర్రమన్నుతో అక్కి రాయించుకుని కూచున్నా అంతే.)

మే 11న ఆమె కమిటీకి వచ్చారు. ఆగిపోయిన పేర్లు కొన్ని కదిలాయి. వారం తర్వాత న్యూయార్క్ టైమ్స్ అసలు సంగతి బయటపెట్టింది: ఆమెకు రామ్సే హంట్‌తోపాటు మెదడు వాపు కూడా వచ్చింది. వాపు మార్చిలోనే తగ్గిందనీ, ముఖం జబ్బు బాధలే ఇంకా ఉన్నాయనీ ఆమె కార్యాలయం అప్పుడు చెప్పింది.

సెప్టెంబరు 28న కూడా వచ్చి ఓటేశారు. 29న ఆమె మరణవార్త వచ్చింది. అప్పటికి 90 ఏళ్లు.