చుక్కలు పెట్టిన గడి

రామగిరి నేల కింద బంగారం ఉంది. భారత్ గోల్డ్ మైన్స్ వాళ్ళు కొంతకాలం తవ్వారు. ఆ కంపెనీ 2001లో మూతపడింది. గుట్టల మీదేమో గాలిమరలు తిరుగుతున్నాయి. ఊరి అడంగల్లో ఈ రెంటికీ గడి లేదు. అడంగల్ అడిగేవి వేరు: సర్వే నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, శిస్తు ఎంత, నీళ్ళు ఎక్కణ్ణుంచి, పట్టాదారు ఎవరు, అనుభవదారు ఎవరు, ఏ పంట వేశారు.

బతుకుతెరువు కోసం నేను చేసే ప్రోగ్రామింగ్ పనీ ఇలాంటిదే. ఎక్కడెక్కడి నుంచో వచ్చిపడే ముడి సమాచారాన్ని ముందే గీసుకున్న గడుల్లోకి సర్దాలి. ఏ గడిలో అంకె ఉండాలి, ఏ గడిలో పేరు ఉండాలి, ఏది ఖాళీగా ఉన్నా ఫరవాలేదు అని చెప్పే నమూనాని స్కీమా అంటాం. స్కీమా సరిగ్గా ఉంటే దాన్ని చదివి కోడ్ చాలామటుకు తానే రాసిపెట్టే పనిముట్లు ఇవాళ బోలెడున్నాయి. ఈ పద్ధతి మా సీమకి కంప్యూటరు కంటే చాలా ముందే వచ్చిందని నా అభిప్రాయం.

1800 అక్టోబరులో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి ఇచ్చేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉన్నాడు. ఆయన మీది అభిమానంతో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అభిమానం సంగతి ఎలా ఉన్నా, ఆయన చేయించిన పెద్ద పని కొలత. అంతకుముందు సర్కారుకీ రైతుకీ మధ్య పాలెగాడో ఊరి పెద్దో ఉండేవాడు. ఏది రేగడి, ఏది ఇసక నేల, ఏ మడికి చెరువు నీళ్ళు అందుతాయి అన్నది కరణం లెక్కల్లోనూ ఊరివాళ్ళ నోళ్ళలోనూ ఉండేది. మన్రో 1802లో సర్వే మొదలుపెట్టించాడు. గొలుసు పొడవు 33 అడుగులు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసున్న చదరం గుంట. అలాంటివి 40 అయితే ఎకరం. లెక్క వేసి చూడండి, సరిగ్గా 43,560 చదరపు అడుగులు వస్తాయి. కొలిచేవాళ్ళు వేరు, వాళ్ళ వెనకే వచ్చి తరం కట్టేవాళ్ళు వేరు. ‘వాగు పక్క చింతమాను చేను’ పోయి ఒక నంబరు, ఒక విస్తీర్ణం, ఒక తరం మిగిలాయి.

1858లో మద్రాసులో సర్వే, సెటిల్‌మెంటు పనికి ప్రత్యేక శాఖే పెట్టారు. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉండే ఆ రిజిస్టర్లని రెవిన్యూవాళ్ళు డైగ్లాట్ అని పిలిచేవారు. విస్తీర్ణాన్ని తరం రేటుతో గుణిస్తే శిస్తు వస్తుంది. రిజిస్టరు నుంచి పట్టా పుడుతుంది, పట్టాల నుంచి 10(1) లెక్క, అక్కణ్ణుంచి జమాబందీ. పెనుకొండ కరణమైనా ధర్మవరం కరణమైనా నింపేది అవే నమూనాలు.

మరి గడికి జవాబు లేకపోతే? శిస్తు భయంతోనో, కొలతనాడు ఊళ్ళో లేకనో, కొన్ని పొలాలు మావని ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వ భూమి అని తేల్చి రాయడానికీ లేదు. గుమాస్తా పట్టాదారు పేరుండాల్సిన చోట వరసగా చుక్కలు పెట్టి తర్వాతి పొలానికి వెళ్ళిపోయాడు. అది నిజాయితీగల పనేనంటాను. తెలియదన్న సంగతినే అతను రాశాడు. చుక్కల భూములన్న పేరు వాటికి అలా వచ్చింది.

రైతులు దున్నుకుంటూనే ఉన్నారు. కొన్నారు, అమ్మారు, పంచుకున్నారు. ఊళ్ళో కరణం ఉన్నంతకాలం చుక్కల వెనక ఉన్న మనిషెవరో తెలిసినవాడొకడు ఉండేవాడు. (అతను ఆ తెలివిని ఊరికే ఇచ్చేవాడని కాదు.) 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది. తర్వాత కాగితం మీది గడులే కంప్యూటరు పట్టికలో గడులయ్యాయి. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఎ కింద నిషేధిత భూముల జాబితా ఉంది. పట్టాదారు లేడంటే సర్కారుదే అన్న లెక్కన చుక్కల భూములు అందులో చేరాయి. అనుభవదారు గడి నిండుగానే ఉండొచ్చు, కానీ చూసింది పక్క గడిని. పొలం అమ్మి కూతురి పెళ్ళి చేద్దామనుకున్న రైతుకి, రిజిస్ట్రారు ఆఫీసులో కుదరదు అన్న మాటే మిగిలింది.

పట్టికల రూపంలో డేటాబేసు ఎలా ఉండాలో 1970లో సిద్ధాంతీకరించిన ఎడ్గార్ కాడ్, ఖాళీ గడులు రెండు రకాలని తర్వాత వాదించాడు: జవాబు ఉండీ మనకి తెలియనిది ఒకటి, అసలు జవాబే వర్తించనిది ఇంకోటి. ఆ తేడాని చాలా డేటాబేసులు పట్టించుకోలేదు. చుక్కల భూములు మొదటి రకం. వాటిని ‘యజమాని లేడు’ అని చదివారు.

2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చుక్కల భూముల చట్టం తెచ్చింది. పన్నెండేళ్ళకి పైగా అనుభవంలో ఉన్నట్టు రైతే కాగితాలు చూపించుకోవాలి. తాత దున్నిన పొలానికి మనవడు కాగితాలు వెతుక్కుంటూ తిరగాలన్నమాట. 2023 మేలో, దరఖాస్తులతో పని లేకుండా, 2 లక్షల ఎకరాలకి పైగా చుక్కల భూములని ప్రభుత్వం నిషేధిత జాబితా నుంచి తీసేసింది.