సదస్సుల కొనసాగింపులో వికీ, బ్లాగు, పాడ్‌కాస్ట్

ఉపాధ్యాయులు, వైద్యులు, ప్రోగ్రామర్లు, శాస్త్రవేత్తలు వృత్తి జ్ఞానం పెంచుకోవడానికి సదస్సులు జరుపుకుంటారు. అవి రెండు మూడు రోజుల్లో ముగిసిపోతాయి. ఆ సదస్సును మొదలయ్యే ముందు నుంచే నడిపించడానికి, అయిపోయాక కూడా కొనసాగించడానికి, రాలేనివాళ్లను అందులో కలుపుకోవడానికి వికీలు, బ్లాగులు, పాడ్‌కాస్టులు వాడే పద్ధతి 1990ల మధ్యలో అమెరికాలో మొలకెత్తింది. 2002 నుంచి 2008 వరకు అది బాగా విస్తరించింది.

అంతకుముందు సదస్సు తర్వాత మిగిలేవి ప్రసంగ వ్యాసాల సంకలనం, కొన్నిచోట్ల అమ్మకానికి పెట్టిన క్యాసెట్లు. సంకలనం అచ్చయి చేతికి వచ్చేసరికి నెలలు గడిచేవి. వక్త రాసుకొచ్చింది అందులో ఉండేది. ఎవరు ఏ ప్రశ్న వేశారు, వక్త ఎక్కడ తడుముకున్నాడు, కాఫీ విరామంలో ఏ వాదన నడిచింది అన్నవి ఉండేవి కావు. సదస్సులకు వెళ్లేవాళ్లలో చాలామందికి కావలసింది మాత్రం అదే. కొత్త పరికరాలు పట్టుకోవాలని చూసిందీ దాన్నే. విశేషమేమిటంటే ఈ మూడు పరికరాల చరిత్రలోనూ ఏదో ఒక సదస్సు కనిపిస్తుంది. సభలకు వెళ్లే అలవాటున్నవాళ్లే వీటిని తయారు చేసుకున్నారు, లేదా మొదట వాడుకున్నారు.

వికీ

సాఫ్ట్‌వేర్ రాసేటప్పుడు పదే పదే ఎదురయ్యే సమస్యలకు పనికొచ్చే పరిష్కార నమూనాలను పోగుచేయాలని 1993లో కొందరు ప్రోగ్రామర్లు హిల్‌సైడ్ గ్రూప్‌గా ఏర్పడ్డారు. వీళ్ల మొదటి సదస్సు ‘ప్యాటర్న్ లాంగ్వేజెస్ ఆఫ్ ప్రోగ్రామ్స్’ 1994లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని అలర్టన్ పార్కులో జరిగింది. అందులో వ్యాసకర్త తన వ్యాసాన్ని సమర్థించుకోడు. మిగతావాళ్లు దాన్ని విప్పి చర్చిస్తుంటే పక్కన కూర్చుని వింటాడు, తర్వాత తిరగరాసుకుంటాడు. సాహిత్య కార్యశాలల నుంచి తెచ్చుకున్న పద్ధతి ఇది.

ఈ బృందంలోని వార్డ్ కన్నింగ్‌హామ్ ఆ తిరగరాత సభకు, సభకు మధ్య కూడా సాగాలనుకున్నాడు. 1995 మార్చి 25న తన సంస్థ సర్వర్ మీద ‘వికీవికీవెబ్’ను అందుబాటులో పెట్టాడు. పేజీ కింది భాగంలో ఉన్న లింకు నొక్కితే ఎవరైనా ఆ పేజీని మార్చగలిగేవారు. లాగిన్ ఉండేది కాదు, అనుమతి అక్కర్లేకపోయేది. అది ‘పోర్ట్‌లండ్ ప్యాటర్న్ రిపాజిటరీ’ అనే నమూనాల భాండాగారానికి అనుబంధం. అంటే, 2001లో మొదలైన వికీపీడియా వల్ల విజ్ఞాన సర్వస్వాల పరికరంగా పేరుపడ్డ వికీ, మొదట ఒక వృత్తి బృందం తన సదస్సు చర్చలను ఏడాది పొడుగునా నడుపుకోవడానికి పుట్టినదే.

సదస్సు నిర్వాహకులు వికీని అందుకోవడానికి కొంతకాలం పట్టింది. 2003 అక్టోబరులో ఓరైలీ ప్రచురణ సంస్థ కాలిఫోర్నియాలోని సెబాస్టపోల్‌లో ‘ఫూ క్యాంప్’ పేరుతో ఆహ్వానితుల సమావేశం జరిపింది. అక్కడ ముందుగా వేసుకున్న కార్యక్రమం లేదు. గోడ మీద ఖాళీ గళ్ల పట్టిక, అందులో ఎవరికి వారు రాసుకునే అంశాలు. పిలుపు అందనివాళ్లు 2005 ఆగస్టు 19 నుంచి 21 వరకు పాలో ఆల్టోలో, వికీ సాఫ్ట్‌వేర్ అమ్మే సోషల్‌టెక్స్ట్ అనే సంస్థ కార్యాలయంలో, అందరికీ తలుపులు తెరిచిన ‘బార్‌క్యాంప్’ పెట్టుకున్నారు. ఆలోచన పుట్టిన వారం లోపలే సుమారు 200 మందితో సభ జరిగిపోయింది. స్థలం, భోజనాలు, ఎవరి దగ్గర ప్రొజెక్టర్ ఉంది, ఎవరు ఏం మాట్లాడతారు, అన్నీ వికీ పేజీ మీదే తేలాయి. మరో ఊళ్లో పెట్టాలనుకున్నవాళ్లు ఆ పేజీని నకలు చేసుకుని ఊరు పేరు మార్చుకుంటే సరిపోయేది. 2006లో బార్‌క్యాంపు ఢిల్లీ చేరింది. ఆ తర్వాత హైదరాబాదులోనూ జరిగింది.

సదస్సు వికీల్లో సాధారణంగా బాగా పనిచేసేది ఈ ముందస్తు భాగమే. సభకు ముందు పేజీలు నిండుతాయి. సభ జరుగుతుండగా ఒకరిద్దరు ఓపికపరులు ప్రసంగాల సారాంశం రాస్తారు. ఇంటికెళ్లాక మాత్రం ఆ పేజీ ముట్టుకునేవాళ్లు తక్కువ. సభ తర్వాత అందరం కలిసి నివేదిక రాద్దాం అన్న సంకల్పం చాలాచోట్ల సంకల్పంగానే ఆగిపోయింది.

బ్లాగు

1999 ఆగస్టులో బ్లాగర్ సేవ వచ్చాక హెచ్‌టీఎంఎల్ తెలియనివాళ్లు కూడా వెబ్‌లో రాయగలిగారు. సదస్సుల విషయంలో దానికి తోడు కావలసింది హాల్లో వైఫై. రెండూ కలిస్తే ఏమవుతుందో 2002 మార్చిలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్‌లో తెలిసొచ్చింది.

ఎస్తర్ డైసన్ అప్పట్లో ఏటా జరిపిన ‘పీసీ ఫోరమ్’ సాంకేతిక రంగ ప్రముఖుల సదస్సు. ఆ ఏడాది వేదిక మీద క్వెస్ట్ టెలికాం సంస్థ అధిపతి జో నాచియో పెట్టుబడి సేకరించడం ఎంత కష్టమైపోయిందో చెప్పుకుంటున్నాడు. శాన్ హోసే మెర్క్యురీ న్యూస్ పత్రిక విలేకరి డాన్ గిల్‌మోర్, రచయిత డాక్ సెర్ల్స్ హాల్లో కూర్చుని ఆ మాటలను అప్పటికప్పుడు తమ బ్లాగుల్లో పెడుతున్నారు. ఫ్లోరిడాలో ఉన్న ఒక న్యాయవాది అది చదివి వాళ్లకు ఈమెయిలు పంపాడు. సంస్థ వాటా ధర పడిపోతున్న కాలంలోనే నాచియో తన వాటాలు అమ్మి 20 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము చేసుకున్నాడని చూపే లింకు అందులో ఉంది. ఇద్దరూ దాన్ని బ్లాగుకెక్కించారు. హాల్లో ల్యాప్‌టాపులు తెరుచుకున్న మిగతావాళ్లు అది చదివారు. ప్రసంగం పూర్తి కాకముందే సభికుల వైఖరి మారిపోయింది. నాచియో అక్రమ వాటా వ్యాపారం నేరం కింద 2007లో దోషిగా తేలాడు గానీ అది వేరే కథ. ఇక్కడ గమనించవలసింది, దేశం మరో చివర ఉన్న మనిషి సభలో ఒక్క మాట మాట్లాడకుండానే సభ నడతను మార్చగలగడం. గిల్‌మోర్ 2004లో వెలువరించిన ‘వి ద మీడియా’ పుస్తకంలో ఈ ఉదంతాన్ని వివరంగా రాశాడు.

బ్లాగు వల్ల వక్తలకు కొత్త ఇబ్బంది కూడా వచ్చింది. తల వంచుకుని టైపు చేస్తున్నవాడు వింటున్నాడో, పక్క హాల్లో జరుగుతున్నది చదువుతున్నాడో వేదిక మీదివారికి తెలియదు.

పాడ్‌కాస్ట్

ప్రోగ్రామర్ డేవ్ వైనర్ 2000 చివర్లో, సైటులో కొత్తగా వచ్చినవాటిని చందాదారులకు చేరవేసే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడుకు ఆడియో ఫైలును జతచేసే వీలు కల్పించాడు. దానికి సరిపడే సరుకు 2003 వేసవిలో దొరికింది. రేడియో ప్రయోక్త క్రిస్టఫర్ లైడన్ బ్లాగర్లతో చేసిన ఇంటర్వ్యూలను వైనర్ ఆ ఫీడులో పంపాడు. అదే ఏడాది అక్టోబరులో వైనర్ హార్వర్డ్ లా స్కూల్‌లో ‘బ్లాగర్‌కాన్’ సదస్సు పెట్టాడు. ఫీడులో వచ్చిన ఆడియోను నేరుగా ఐపాడ్‌లోకి దింపే ప్రోగ్రామును కెవిన్ మార్క్స్ అక్కడే ప్రదర్శించాడు. మాజీ టీవీ ప్రయోక్త ఆడమ్ కర్రీ 2004లో ఆ పనిని సాధారణ వినియోగదారులకు చేరువ చేశాడు. పాడ్‌కాస్టింగ్ అన్న మాట కూడా ఆ ఏడాదే పత్రికలో కనిపించింది. 2005 జూన్‌లో ఐట్యూన్స్ 4.9తో అది ఆపిల్ దుకాణంలోకి ఎక్కింది.

సదస్సుల వైపు నుంచి చూస్తే ఈ కథలో పెద్ద పాత్ర పోషించింది డగ్ కే. 2003 జూన్‌లో ఆయన మొదలుపెట్టిన ‘ఐటీ కన్వర్సేషన్స్’ సాంకేతిక సదస్సుల ప్రసంగాలను రికార్డు చేసి, శబ్దం శుభ్రం చేసి, ఉచితంగా ఇచ్చేది. రుసుము కట్టి హోటల్లో గది తీసుకుంటే తప్ప దొరకని మాట బస్సులో వెళ్తూ వినగలిగేదైంది. ప్రసంగాలు ఉచితంగా దొరికితే టికెట్లు ఎవరు కొంటారన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. దానికి జవాబు ‘టెడ్’ సంస్థ నుంచి వచ్చింది. 1984లో మొదలై ఆహ్వానితులకే పరిమితమైన ఈ ఖరీదైన సదస్సు 2006 జూన్ 27న ఆరు ప్రసంగాలను ఉచితంగా విడుదల చేసింది. కెన్ రాబిన్సన్, హాన్స్ రోస్లింగ్ ప్రసంగాలు అందులోవే. సదస్సు టికెట్లకు గిరాకీ తగ్గలేదు, పెరిగింది. జనం డబ్బు కట్టేది ప్రసంగం కోసం కాదనీ, పక్క కుర్చీలో కూర్చునే మనిషి కోసమనీ ఇంతకన్నా స్పష్టమైన రుజువు అక్కర్లేదు.

ఉపాధ్యాయుల సదస్సులు

మూడు పరికరాలనూ కలిపి వాడిన ఘనత అమెరికా, కెనడా ఉపాధ్యాయులది. విల్ రిచర్డ్‌సన్ రాసిన తరగతి గదుల బ్లాగు, వికీ, పాడ్‌కాస్టుల పుస్తకం 2006లో వచ్చింది. అదే ఏడాది డేవిడ్ వార్లిక్ ‘హిచ్‌హైకర్’ అనే సైటు నడిపాడు. ఫలానా సదస్సు గురించి రాసేవాళ్లు తమ టపాలకు ఒకే ట్యాగు తగిలిస్తే, ఎవరెవరి బ్లాగుల్లోనో ఉన్న ఆ టపాలన్నీ ఆ సదస్సు పేజీ మీద వరసగా కనిపించేవి. నిర్వాహకుల ప్రమేయం లేకుండా సదస్సుకు ఒక సమష్టి నివేదిక తయారయ్యేది.

డారెన్ కురోపాట్వా, షెరిల్ నస్‌బామ్-బీచ్, వెస్లీ ఫ్రయర్ 2006లో ఇంకో అడుగు ముందుకేసి సభా మందిరాన్నే తీసేశారు. ‘కె12 ఆన్‌లైన్ కాన్ఫరెన్స్’లో వక్తలు ముందే రికార్డు చేసిన ప్రసంగాలు రోజుకు కొన్ని చొప్పున విడుదలయ్యేవి. చర్చ బ్లాగు వ్యాఖ్యల్లో నడిచేది. రుసుము లేదు. మరోవైపు 2007 జూన్‌లో అట్లాంటాలో జాతీయ విద్యా కంప్యూటింగ్ సదస్సుకు ముందురోజు స్టీవ్ హార్గడన్ ‘ఎడ్యుబ్లాగర్‌కాన్’ ఏర్పాటు చేశాడు. ఏడాది పాటు ఒకరి రాతలు ఒకరు చదువుకున్న ఉపాధ్యాయులు అక్కడ ముఖాముఖి కలిశారు. సదస్సును వెబ్‌లోకి సాగదీయడం మొదలుపెట్టిన కొన్నేళ్లకే వెబ్‌లో పుట్టిన బృందాలు సదస్సులు పెట్టుకోవడం మొదలైంది.

వైద్య రంగం

వైద్యులు ఆలస్యంగా వచ్చారు గానీ గట్టిగా పట్టుకున్నారు. అత్యవసర వైద్యం, ఇంటెన్సివ్ కేర్ నిపుణుల్లో బ్లాగులు, పాడ్‌కాస్టులు నడిపేవాళ్లు 2009 నాటికే ఉన్నారు. స్కాట్ వైన్‌గార్ట్ ‘ఎమ్‌క్రిట్’ అప్పటిదే. ఈ ఉచిత పాఠాలన్నిటికీ ‘ఫోమ్’ అనే పొడి పేరును ఆస్ట్రేలియా వైద్యుడు మైక్ కడోగన్ 2012లో డబ్లిన్‌లో ఒక సదస్సు సందర్భంగా పెట్టాడు. ఆ బ్లాగర్లే 2013లో సిడ్నీలో ‘స్మాక్’ సదస్సు ప్రారంభించారు. గోల్డ్ కోస్ట్, షికాగో, డబ్లిన్, బెర్లిన్‌ల మీదుగా తిరిగి 2019లో సిడ్నీలోనే అది ముగిసింది. ప్రసంగాలను తర్వాతి నెలల్లో ఉచిత పాడ్‌కాస్టులుగా వదిలేవారు. వేదిక మీదికి ఎక్కేవాళ్లకు ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ప్రసంగం తయారీ కూడా మారింది. స్లయిడ్ల మీది పట్టికలు చదవడం తగ్గి, చెవితో వింటే సరిపోయేలా చెప్పడం అలవాటైంది.

ఘర్షణలు

గుట్టు, హక్కు రెండూ పాత సభా మర్యాదలో భాగం. అచ్చు కాని ఫలితాన్ని తోటివాళ్ల ముందు పెట్టే శాస్త్రవేత్త, అది గది దాటదని నమ్ముతాడు. 2009 మేలో న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో జన్యు శాస్త్ర సదస్సు జరిగింది. అక్కడి నుంచి పరిశోధకుడు డేనియల్ మెకార్థర్ బ్లాగు రాశాడు. విలేకరులు ప్రతి వక్త దగ్గరా ముందు అనుమతి తీసుకోవాలన్న నియమం ఉండగా, సభికుడికి అది ఎందుకు వర్తించదని ఒక వార్తా సంస్థ ప్రశ్నించింది. బ్లాగు రాసేవాళ్లూ అనుమతి తీసుకోవాలని ప్రయోగశాల నియమం మార్చింది. ప్రశ్న న్యాయమైనదే, నిర్ణయమూ సబబైనదే. తర్వాతి కాలంలో చాలా సదస్సులు రాయవద్దనే స్లయిడుకు ఒక గుర్తు తగిలించే పద్ధతికి వచ్చాయి. మిగతాది అంతా రాయదగిందే అన్నమాట.

మిగిలినవి, పోయినవి

2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సీనా ట్విట్టర్‌లో హ్యాష్‌ట్యాగును ప్రతిపాదించాడు. మొదటి బార్‌క్యాంపు నిర్వాహకుల్లో ఆయన ఒకడు. ఉదాహరణగా ఇచ్చిన మాట ‘బార్‌క్యాంప్’. హాల్లోంచి బ్లాగులో రాసే పని క్రమంగా ట్వీట్ల పాలైంది. రాత చిన్నదైంది, వేగం పెరిగింది, వాదన పలచబడింది. ట్యాగులతో బ్లాగులు వెతికిపెట్టే సైటు టెక్నోరటి 2014లో బ్లాగుల సూచిని మూసేసింది. ఉపాధ్యాయులు విరివిగా వాడిన వికీ సేవ వికీస్పేసెస్ 2018లో మూతపడటంతో సొంత ప్రతి దాచుకోని ఎన్నో పేజీలు పోయాయి. ఐటీ కన్వర్సేషన్స్ 2012లో ఆగిపోయినా ఆడియో నిధిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు అప్పగించింది కాబట్టి ఆ గొంతులు ఇంకా వినొచ్చు.

తెలుగులో

2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ‘వికీపీడియా:సమావేశం’ పేరుతో ప్రత్యేక పేజీలున్నాయి. ఫలానా ఆదివారం హైదరాబాదులో కలుద్దామన్న ప్రతిపాదనతో పేజీ తెరుచుకుంటుంది. చర్చాంశాలు ఎవరికి తోచినవి వారు చేరుస్తారు. వచ్చేవారు, రాలేకపోయినా ఇంటి నుంచి పాల్గొనేవారు పేర్లు రాస్తారు. సమావేశం ముగిశాక నివేదిక, ఫొటోలు అదే పేజీలోకి చేరతాయి. విజయవాడలో 2014 ఫిబ్రవరిలో జరిగిన దశాబ్ది ఉత్సవాల ఏర్పాట్లూ ఇలాగే బహిరంగంగా సాగాయి. 2006 ప్రాంతంలో తెలుగులో టైపు చేయడానికి లేఖిని, బ్లాగులను పోగుచేసే కూడలి వచ్చాక తెలుగు బ్లాగర్లు కూడా ఇలా ఊళ్లలో కలుసుకునేవారు. కలిసినప్పటి కబుర్లు మర్నాడు టపాలుగా వచ్చేవి, వాటిని కూడలి ఒకచోట చూపేది. బ్లాగు టపాల్లో చాలా భాగం ఇప్పుడు వెతికినా దొరకవు. సమావేశాల పేజీలు మాత్రం ఎవరు ఏ రోజున ఏ వాక్యం చేర్చారో చెప్పే చరితంతో సహా ఉన్నాయి. పాత నిర్ణయం మీద తగువు వస్తే సభ్యులు ముందు తెరిచేది వాటినే.