న్యాయస్థానంలో రెండు మార్లు: వి.వి.గిరి ఎన్నికల వివాదాలు

జంషెడ్‌పూర్‌లోని పాత తెలుగు రైల్వే కుటుంబాలలో వరాహగిరి వేంకటగిరి పేరు ఎత్తితే, రాష్ట్రపతి కన్న ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మిక నాయకుడు గుర్తుకు వస్తాడు. టాటానగర్ స్టేషన్ ఆ రైలుమార్గంలోనిదే. ఎన్నికల వివాదాల చరిత్రలో కూడ గిరిగారిది విశిష్ట స్థానమన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఒకసారి ఫిర్యాదీగా, మరొకసారి ప్రతివాదిగా ఆయన సుప్రీంకోర్టు మెట్లెక్కారు.

1957లో పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. ఒక స్థానం జనరల్, రెండవది షెడ్యూల్డు తెగలకు రిజర్వు అయినది. ప్రతి వోటరుకు రెండు వోట్లు. షెడ్యూల్డు తెగల అభ్యర్థులలో ఎక్కువ వోట్లు వచ్చినవారికి రిజర్వు స్థానం ఇచ్చిన పిమ్మట, మిగిలినవారిలో అగ్రగణ్యునికి జనరల్ స్థానం దక్కుతుంది. బిడ్డిక సత్యనారాయణకు మొదటిది లభించింది. రెండవది, గిరిగారిని స్వల్పమైన ఆధిక్యంతో దాటిన దిప్పల సూరిదొరకు దక్కింది. ఆయనా గిరిజన అభ్యర్థిగానే నామినేషన్ వేశారు.

గిరిగారి వాదనలు రెండు. రిజర్వు స్థానానికి నిలిచినవాడు జనరల్ స్థానం పొందజాలడన్నది ఒకటి. సూరిదొర కుటుంబం క్షత్రియాచారాలను అవలంబించినందున ఆయన గిరిజనుడు కాడన్నది రెండవది. 1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెంటినీ త్రోసిపుచ్చింది. రిజర్వేషన్ అన్నది కనీసపు హామీయే గాని అవధి కాదు. కులమో, హోదానో మనిషి తనంత తానుగా ప్రకటించుకొన్నంత మాత్రాన మారదు, చేరగోరిన వర్గం అంగీకరించవలె. అప్పటికి గిరిగారు ఉత్తరప్రదేశ్ గవర్నరు. పదవిలో ఉన్న గవర్నరు ఒక గిరిజన సభ్యునిపై ఓడిపోయిన కేసు ఇది. దీని ప్రాముఖ్యం రాష్ట్రపతి కేసుకన్న ఎక్కువని నా అభిప్రాయం. ద్విసభ్య నియోజకవర్గాలను 1961 చట్టం రద్దుచేసింది గాని, జనరల్ స్థానం అందరిదీ అన్న సూత్రం నిలిచింది.

రెండవ వివాదం లోకప్రసిద్ధం. 1969 రాష్ట్రపతి ఎన్నికలో తలపడిన ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే. నీలం సంజీవరెడ్డిగారిని కించపరిచే అజ్ఞాత కరపత్రం ఎన్నికకు ముందు వెలువడింది. గిరి విజయం చెల్లదని శివకృపాల్ సింగ్ ప్రభృతులు నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు; రాష్ట్రపతి ఎన్నికపై వివాదాన్ని తేల్చే అధికారాన్ని రాజ్యాంగం 71వ అధికరణం ఆ కోర్టుకే ఇచ్చింది. 1970లో గిరిగారు స్వయంగా కోర్టుకు హాజరై సాక్ష్యమిచ్చారు. పదవిలోని రాష్ట్రపతి సాక్షిగా ప్రశ్నలకు జవాబు చెప్పడం ఈ దేశం అదివరకు ఎరుగనిది. కరపత్రం పంపకంతో గిరిగారికి సంబంధం ఉన్నట్లు గాని, దానివల్ల ఫలితం మారినట్లు గాని రుజువు కాలేదని న్యాయమూర్తులు పిటిషన్లను కొట్టివేశారు.

ఓడిన సంజీవరెడ్డిగారి కథ వేరు. 1977లో ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు; ఆ ఎన్నికలో వోట్ల లెక్కింపు అవసరమే రాలేదు.