బస్రా ముత్యం బస్రాలో పుట్టలేదు

సముద్రమే లేని హైదరాబాదుకు ముత్యాల నగరమని పేరు. చార్మినార్‌కు ఉత్తరాన, పత్తర్‌గట్టీ రాతి కమానుల క్రింద, ముత్యాల దుకాణాలు వరుసగా ఉంటాయి. మేలైన పాత ముత్యాన్ని అక్కడ "బస్రా" అంటారు. ఆ మాటను గురించి ఆలోచించినకొద్దీ నాకొక సంగతి స్పష్టమైంది. ముత్యానికి అమ్మిన ఊరి పేరు దక్కింది గాని, నీట మునిగి తీసినవాని పేరు దక్కలేదు.

తెలుగునాట ఈ వర్తకం చాలా పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం సుంకం కట్టవలసిన సరుకులలో ముత్యాలను, పగడాలను కూడా పేర్కొన్నది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సొత్తును ఇకపై అపహరించబోమని వర్తకులకు రాజు మాట ఇచ్చాడు. సరుకుకు అభయం దొరికింది. దానిని కడలి అడుగునుండి తెచ్చిన మనిషి ఊసు అందులో లేదు.

బస్రా కేవలం అంగడి. ముత్యాలు దొరికినది దానికి దక్షిణాన, బహ్రెయిన్ మొదలైన గల్ఫ్ తీరాలలో. అక్కడి లోతులేని సముద్రంలో పగడపు దిబ్బలను, గట్టి అడుగునేలను అంటిపెట్టుకొని ముత్యపుచిప్పలు పెరుగుతాయి. వేసవి నాలుగు నెలలూ గజ ఈతగాళ్ళు పడవలమీదే బ్రతికేవారు. ముక్కుకు పట్టు బిగించి, కాలికి బరువురాయి తగిలించుకొని, బుట్టతో దిగేవారు. ఊపిరి బిగబట్టి చేతికందిన చిప్పలను ఏరి తాడు కదిపితే, పైనున్న జతగాడు లాగేవాడు. రోజంతా అదే పని. చెవులు పాడయ్యేవి. పడవ యజమాని వద్ద తీసుకున్న బయానా తీరక అప్పుగా పెరిగేది. తండ్రి పోతే కొడుకు మెడకు చుట్టుకునేది. బహ్రెయిన్‌లో 1920లలో సంస్కరణలు వచ్చేదాకా ఇదే తీరు.

నిజాం ఖజానాకు చేరినవి ఆ ముత్యాలే. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నిజాం ఆభరణాలలో "సత్లడా" అనే ఏడుపేటల హారం ఒకటి. అందులో 465 బస్రా ముత్యాలు! ఎన్నో చిప్పలు తెరిస్తే గాని ఒక మంచి ముత్యం దొరకదు. ఆ హారం వెనుక ఎన్ని మునకలున్నవో లెక్క వేయగలమా?

జపానులో మికిమోతో సాధించిన పెంపకపు ముత్యాలు, 1929 నాటి ఆర్థికమాంద్యం కలిసి గల్ఫ్ వృత్తిని కూల్చివేశాయి. 1932లో బహ్రెయిన్‌లో చమురు పడింది. ఈతగాళ్ళు చమురు కూలీలయ్యారు. నేడు పత్తర్‌గట్టీలో అమ్మే సరుకులో అధికభాగం చైనా మంచినీటి ముత్యాలే. బహ్రెయిన్ ముత్యపు దిబ్బలు 2012లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఈతగాడు ఊపిరి బిగబట్టి దిగిన చోట ఇప్పుడు పర్యాటకులు గాలి సిలిండర్లతో వినోదానికి దిగుతున్నారు.

చరిత్ర ఇక్కడొక మలుపు తిరిగింది. 1970ల నుండి పాతబస్తీ యువకులు అదే గల్ఫ్‌కు కూలికి వెళ్ళారు. వీసా కోసం, విమానం ఖర్చు కోసం ముందే అప్పుచేసి వెళ్ళినవారు ఎందరో. ఒకనాడు అక్కడి అప్పులవాడు తీసిన ముత్యం ఇక్కడికి వచ్చింది. తరువాత ఇక్కడి అప్పులవాడే అక్కడికి వెళ్ళాడు. ముత్యాల చరిత్ర వ్రాసేవారు నవాబుల కంఠహారాలతో ఆగిపోక, ఈ ఇద్దరినీ ఒకే పేటలో గుచ్చవలసి ఉన్నదని నా మనవి.