కోర్టు నోటీసులో వంశవృక్షం: క్రోసూరు ప్రాంత కుటుంబ చరిత్రలకు పాత పత్రికలు

పల్నాడులో ఎవరైనా తమ వెనకటి తరాల గురించి ఆరా తీయాలంటే ముందు ఇంట్లోని ముసలివాళ్లను అడుగుతారు. ఆపైన ఉన్న ఆధారాలు రెండు: పిచ్చికుంట్లవాళ్లు చెప్పే గోత్రాలూ ఇంటిపేర్లూ ఒకటి, కరణంగారి దస్త్రాలు రెండోది. పిచ్చికుంట్లవాళ్లు ఊళ్లోకి రావడం ఇప్పుడు అరుదు. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థ రద్దయినప్పుడు ఎన్నో పాత దస్త్రాలు చెల్లాచెదురయ్యాయి. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ ఒకే చట్టం వచ్చింది 1969లో. కాబట్టి ముత్తాత ఏ ఏడు పోయాడో చెప్పే కాగితం మామూలు రైతు ఇంట్లోనో కూలి ఇంట్లోనో ఉండడం అపురూపమే. ఆ లోటును పాత దినపత్రికలు కొంత తీర్చగలవు. అయితే పుటలను స్కాన్ చేసి వెబ్‌సైట్లో పెట్టినంత మాత్రాన అవి క్రోసూరు మనిషికి అందినట్టు కాదని ఈ వ్యాసం వాదన.

అందుబాటులో ఉన్న సరుకు తక్కువేమీ కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన ఆంధ్రపత్రిక, 1902లో బందరులో పుట్టిన కృష్ణాపత్రిక, 1926 నాటి గోలకొండ పత్రిక వంటివాటిని ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేయించింది. పైసా కట్టకుండా చదువుకోగలగడం గొప్ప సౌకర్యం. బ్రిటన్లో 2011లో వచ్చిన బ్రిటిష్ న్యూస్‌పేపర్ ఆర్కైవ్ చందా మీద నడుస్తోంది. కాగితం ప్రతులు చూడాలనుకునేవారికి 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలను అంత శ్రద్ధగా దాచిన గ్రంథాలయాలు కోస్తాలో వేళ్ల మీద లెక్కపెట్టదగినవే.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. డిజిటైజ్ చేసిన పత్రికను తేదీని బట్టి తెరవాలి. ఇంట్లోవాళ్లకు తేదీ గుర్తుండదు, గుర్తుంటే తెలుగు సంవత్సరం గుర్తుంటుంది. "దుర్మతిలో పోయాడు" అన్నారంటే అది 1921-22 కావచ్చు, 1981-82 కావచ్చు. తరాలు లెక్కపెడితే ఏ దుర్మతో తేలుతుంది గానీ, తేలాక కూడా ఏడాది పొడవునా దినపత్రికను పుట పుటా తిప్పాల్సిందే. ఊరి చిరునామా కూడా నిలకడగా లేదు. 1904 దాకా ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. ఆ తర్వాత గుంటూరు జిల్లా సత్తెనపల్లి తాలూకా. 1985లో మండలాలొచ్చాయి, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడింది. పాత పత్రికలో క్రోసూరు కబురు కోసం వెళ్లేవారు "సత్తెనపల్లి తాలూకా" అన్న మాట మీద కన్నేసి ఉంచాలి. పల్నాడు అన్న శీర్షిక కింద వెతికితే గురజాల, మాచర్ల వైపు సంగతులే ఎక్కువ తగులుతాయి.

ఇంతకీ పత్రికకెక్కిందెవరు? 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసు కాల్పులకు కన్నెగంటి హనుమంతు బలయ్యాడు. అడవి పన్ను, పుల్లరి మీద సాగిన ఆ పోరాటమూ, అదే కాలపు పెదనందిపాడు పన్నుల నిరాకరణా పత్రికల దృష్టిని గుంటూరు జిల్లా వైపు తిప్పాయి. ఉద్యమ రోజుల్లో అరెస్టయినవారి పేర్లు, సభలో మాట్లాడినవారి పేర్లు అచ్చయ్యేవి. జైలుకెళ్లిన తాత ఉన్న ఇంటికి ఈ పుటలు బంగారం. కానీ ఊళ్లో అలాంటి ఇళ్లు ఎన్ని? మిగతావారి కోసం వార్తలు వదిలి ప్రకటనల పుటకు వెళ్లాలి. పరిశోధకులు సాధారణంగా దాటేసే పుట అది.

ప్రతివాదికి సమను అందనప్పుడు కోర్టు పత్రికలో నోటీసు వేయిస్తుంది. అందులో ప్రతివాది పేరు, తండ్రి పేరు, కాపురముండే ఊరు ఉంటాయి. చాలాసార్లు వయసు, కులం, వృత్తి కూడా. మైనర్లు ఉంటే వాళ్ల తరపు గార్డియనుగా తల్లి పేరు పడుతుంది. వార్తల్లో ఫలానావారి భార్యగా మాత్రమే కనిపించే ఆడమనిషికి సొంత పేరు ఇక్కడ దొరుకుతుంది. దావా నడుస్తుండగా కక్షిదారు చనిపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం అతని వారసులను దావాలో చేర్చాలి. అందుకిచ్చిన గడువు 90 రోజులు. అలాంటి నోటీసులో భార్య, కొడుకులు, ముందే పోయిన కొడుకు పిల్లలు వరుసగా వస్తారు. పొలం గట్టు తగాదా పుణ్యమా అని ఒక కుటుంబం వంశవృక్షం అచ్చులో పడి ఉంటుంది, పెద్దాయన పోయిన నెల ఇంచుమించుగా తెలుస్తుంది. భూసేకరణ ప్రకటనలూ ఇటువంటివే. 1894 నాటి చట్టానికి 1984లో చేసిన సవరణతో, ప్రాథమిక ప్రకటనను రెండు దినపత్రికల్లో, అందులో ఒకటైనా ప్రాంతీయ భాషలో, వేయడం తప్పనిసరైంది. క్రోసూరు పక్కనే బెల్లంకొండ మండలంలోని కోళ్లూరు పులిచింతల జలాశయంలో మునిగింది. అటువంటి ఊళ్ల విషయంలో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు అని వరసలు కట్టిన పత్రికా ప్రకటన, ఊరు లేకుండా పోయాక మిగిలే ఊరి జాబితా.

ఈ చిన్నక్షరాల ప్రకటనలే యంత్రానికి అందనివి. స్కాన్ చేసిన బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్ ఇవాళ తెలుగు పుస్తకాల మీద బాగానే పనిచేస్తోంది. పాత దినపత్రిక ముందు తడబడుతుంది. పాత అచ్చులో వలపలగిలక ఉంటుంది. "దుర్గి" అన్న ఊరు "దుగి౯" అని పడుతుంది. ఆ గిలకా తెలుగు తొమ్మిదీ ఒకే రూపంలో ఉంటాయి కనుక యంత్రం దాన్ని అంకెగా చదువుతుంది. దుర్గి అని టైపు చేసి వెతికేవారికి ఆ వార్త ఎన్నటికీ రాదు. క్రోసూరుకు వచ్చే ప్రమాదం వేరు. అరిగిన టైపులో క్రావడి చెరిగితే అది "కోసూరు" అవుతుంది. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో నిజంగానే ఒక కోసూరు ఉంది! తప్పు చదివిన యంత్రం మనల్ని సరైన పేరున్న ఇంకో ఊరికి పంపిస్తుంది, అక్కడ ఎవరి తాతనో మన తాత అనుకోవచ్చు.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో యంత్రం చేసిన తప్పులను పాఠకులే దిద్దుతారు; అక్కడ కుటుంబ చరిత్ర వెతికేవారే ఆ పనికి పెద్ద బలం. తెలుగుకు అంత దూరం వెళ్లకపోయినా గడుస్తుంది. మొదట కావలసింది ఊళ్ల సూచిక: పత్రిక, తేదీ, పుట, కాలం, ఊరు, తాలూకా, వార్తా ప్రకటనా అన్న సంగతి. ఇంత రాయడానికి పాఠమంతా టైపు చేయక్కర్లేదు. సత్తెనపల్లి తాలూకా వరకు ఈ పనిని తెలుగు, చరిత్ర విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. ఎం.ఏ. స్థాయిలో మనం రాయించే ఎన్నో వ్యాసాలకంటే ఇది పనికొచ్చే పని.

దీనికంటే పెద్ద కొరత ఇటీవలి పత్రికల విషయంలో ఉంది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా ఎడిషన్లు తెచ్చింది, మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అంతకుముందు ఎప్పుడో గానీ అచ్చులో కనిపించని మండల కేంద్రం రోజూ కనిపించసాగింది: పెద్దకర్మ, వర్ధంతి, పదో తరగతి మార్కులు, బోరు వివాదం, ఎడ్ల పందెం. సామాన్యుడి పేరూ ఫొటోతో సహా ఎక్కిన తొలి పత్రిక ఈ జిల్లా ఎడిషనే. అదే అన్నిటికంటే ముందు పొట్లం కాగితమైపోయింది. శాఖా గ్రంథాలయాల్లో పాత పేపర్లను కొన్నాళ్లకు తూకానికి అమ్మేయడం మామూలే.

కాపీరైటు అడ్డమంటారు. నిజమే: రచయిత పేరు లేని రచనకు ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది, 1989 నాటి జిల్లా పేజీ 2050లో గానీ స్వేచ్ఛగా రాదు. కానీ అందరికీ పంచడం ఒకటి, చెడకుండా దాచడం ఒకటి. 2012 సవరణ కాపీరైటు చట్టంలో ఒక వెసులుబాటు చేర్చింది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర కాగితం ప్రతి ఉన్న రచనను భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. అంటే జిల్లా గ్రంథాలయ సంస్థ తన పేపర్లను అమ్మేముందు స్కాన్ చేయడానికి 2050 దాకా ఆగనక్కర్లేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టే ఊరివాళ్లు ఇది అడగడంలో గొంతెమ్మ కోరికేమీ లేదు.

సూచిక వేసేటప్పుడు తేల్చుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. గుంటూరు జిల్లాలో ఎరుకల కుటుంబాలను నేరస్థ జాతుల చట్టం కింద సెటిల్మెంట్లలో పెట్టారు. ఆ చట్టం 1952లో రద్దయింది గానీ అది అమల్లో ఉన్న కాలపు పత్రికల్లో వాళ్ల ప్రస్తావన ఎక్కువగా దొంగతనాల వార్తల్లోనే ఉంటుంది. దళిత కుటుంబాల పేర్లూ చాలాచోట్ల ఫిర్యాదుల్లోనో కేసుల్లోనో తొలిసారి అచ్చెక్కాయి. ఇంటిపేరు కొట్టగానే తాత మీద పోలీసులు మోపిన నేరం ముందుగా వచ్చే సూచిక, మనవరాలికి చరిత్ర పేరిట ఇచ్చేది పోలీసు మాటే. అలాగని పుటను మూసేస్తే ఆ అన్యాయానికి ఉన్న సాక్ష్యమూ పోతుంది. నేర వార్తలకు సూచికలో ఊరు, తేదీ, పుట మాత్రం ఉంచి, మనుషుల పేర్లూ కులమూ ఎక్కించకుండా వదిలేయడం ప్రస్తుతానికి మేలని నా ఉద్దేశం. ఏ కుటుంబమైనా వచ్చి మా పెద్దల పేరు చేర్చండి అంటే అప్పుడు చేర్చవచ్చు.